జొన్నచేనులో ట్యూబులైట్లు

అరకులో లాడ్జీలన్నీ ఎల్‌ఈడీలకి మారుతున్న రోజులవి. నాది కరెంటు సామాన్ల కొట్టు. కొత్త దీపాలు బిగించాక మాడిపోయిన ట్యూబులైట్లని నేనే తీసుకుపోవాలి. కొట్టు వెనక గోడకి చేరేసేవాణ్ణి. నడవడానికి దారి ఉండేది కాదు.

ఒక సంతనాడు చిక్కుడుకాయలు అమ్ముకోవడానికి కొండ దిగిన ఒకావిడ వాటిని చూసి ఆగింది. నాకంటే పెద్దది కాబట్టి అప్పా అని పిలిచేవాణ్ణి. జొన్నకంకులు చిలకలపాలవుతున్నాయని వాపోయింది. వీటిని జంటలుగా తాడుకి వేలాడదీస్తే గాలికి గలగలలాడతాయని, ఎండకి మెరుస్తాయని, పిట్ట వాలదని చెప్పింది నేనే. పగిలితేనో అని ఆవిడ అడిగింది కూడా.

“ఏటీ అవదప్పా, గాజే కదా,” అన్నాను. మోపు కట్టి ఇచ్చాను. తరవాతి సంతకి నాకోసం గుమ్మడికాయ తెచ్చింది. తీసుకున్నాను. మంచిపని చేశానని ఇంట్లో చెప్పుకున్నాను.

కొన్నాళ్లకి మా అమ్మాయి కొట్టులో కూర్చుని ఇంటర్ పరీక్షకి మూలకాల గుర్తులు బట్టీ పెడుతోంది. “హెచ్‌జి, పాదరసం,” అంది. నా చేతిలోని ట్యూబు అట్టపెట్టె మీద, అడ్డగీత కొట్టిన చెత్తడబ్బా బొమ్మ పక్కన, అవే రెండక్షరాలు. ఇన్నేళ్లూ అది కంపెనీ మార్కనుకున్నాను. అమ్మాయి ఫోన్లో వెతికి చదివి వినిపించింది. చెత్తలో వెయ్యకూడదు, పాతిపెట్టకూడదు. పగిలితే పాదరసం ఆవిరై ఊపిరిలోకి పోతుంది. కడుపుతో ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు.

అప్ప కూతురికి ఏడో నెల. చేను కాపలా ఆమెదేనని గుమ్మడికాయ ఇచ్చేటప్పుడు ఆవిడే చెప్పింది.

ఆ రోజు స్విచ్ అడిగినవాళ్లకి హోల్డరు ఇచ్చాను. సంతకి ఇంకా నాలుగు రోజులుంది, అప్పుడు ఆవిడే వస్తుంది, కొండెక్కే పని ఉండదు అనిపించింది. ఆ ఆలోచన పట్టుకునే రెండు రోజులు గడిపాను. కాస్త గాలి వీస్తే చాలు, కొట్టు వదిలి వీధిలోకి వచ్చి కొండవైపు చూసేవాణ్ణి. మూడోనాడు పొద్దున్నే బయలుదేరాను.

చేను కనబడకముందే గలగల వినబడింది. కూతురు మంచె మీద కూర్చుని ఉంది. సరిగ్గా మంచె కింద ఒక ట్యూబు పగిలి పడుంది.

“కంపెనీవాళ్లు ఎనక్కి అడిగారప్పా,” అన్నాను. అంత దూరం వెళ్లి ఆ అబద్ధం.

ఆవిడ నవ్వింది. “మాడిపోయిన దీపాలకి కంపెనీ ఏడుస్తందా సావుకారీ? నిజం సెప్పు, ఏటైంది?”

చెప్పాను. నవ్వు ఆగిపోయింది. “గుంటా, బేగి దిగు! ముక్కల మీద కాలెయ్యకు!” అని కేకేసి, కూతుర్ని దూరంగా గాలి వచ్చే వైపు కూర్చోబెట్టింది.

ముట్టుకున్నావా అని ఆ పిల్లనడిగాను. “లేదు, నిన్న సాయంత్రం పడింది. సీపురు తెత్తానని మాయమ్మ మరిసిపోనాది.”

మరిచిపోవడమే మేలైంది. చీపురు తగిలితే అది ఇంకా చెదిరేది. ముక్కల్ని, వాటికింది మన్నుని అట్టముక్కతో ఎత్తి, మూత ఉన్న పచ్చడిసీసాలో వేశాను. మిగతా ట్యూబుల్ని ఒక్కొక్కటే విప్పి, వెంట తెచ్చిన అట్టపెట్టెల్లో సర్దాను. ఆరుబయట ఒక్కటి పగిలితే అంత భయం లేదని ఆస్పత్రిలో నర్సమ్మ తరవాత చెప్పింది. ఆ పూట నాకది తెలియదు.

“ఈటినేటి సేత్తావు?” అని అడిగింది అప్ప.

“విశాఖలో తీసుకునే చోటుందట. సరుకు లారీలో పంపుతాను.”

“మరి అప్పుడే పంపకపోనావా?”

నేను విప్పిన తాడు చుట్టసాగాను.

“నాకు పిట్టలు పోతాయని ఇచ్చావనుకున్నాను. నీకు అడ్డమని ఇచ్చావన్నమాట.” కొడవలి నడుముకి దోపుకుని లేచింది. “అవతల గూడెంలో మా సెల్లికి రెండు జంటలిచ్చాను, నీ మంచితనం సెప్పి మరీ. రా. ఈసారి నువ్వే సెప్పు.”

పెట్టెలు నెత్తిన పెట్టుకుని, లోపల ఒకదానికొకటి తగలకుండా మెల్లగా నడిచాను. ముందు పోతున్న ఆవిడ ఒక్కసారీ వెనక్కి చూడలేదు. మొదటి మాట ఏమనాలో గూడెం కనబడేదాకా వెతుక్కున్నాను. కంపెనీ ఊసు మాత్రం ఎత్తకూడదనుకున్నాను.