ఆఖరి పిల్ల వెళ్ళేదాకా

బడి గేటు దగ్గరి వాచ్‌మన్ ఒకప్పటి సైనికుడు. సాయంత్రం ఆఖరి పిల్ల వెళ్ళేదాకా స్టూలు మీంచి లేవడు, బూటు లేసులైనా వదులు చెయ్యడు. పక్క టీకొట్టు టీవీలో, పరాయి దేశానికి సైన్యాన్ని పంపితే చావులు ఆగుతాయా అన్న వాదన మొదలైతే మాత్రం అతనికి ఒళ్ళు మండుతుంది.

"మీరెళ్ళొచ్చారుగా బాబాయ్, ఆగుతాయా?" అని ఆ రోజు కొట్టతను కదిపాడు.

"ఆగాయిరా. మేం కాపలా ఉన్నన్నాళ్ళూ అక్కడి బడిలో దాక్కున్నవాళ్ళ మీద ఈగ వాలనివ్వలేదు."

"తర్వాత?"

"తర్వాతేంట్రా నీ మొహం. వెనక్కి రమ్మన్నారు, వచ్చేశాం. మర్నాటికి ఒక్కరూ మిగల్లేదు."

ఇంతలో ఒక తల్లి ఆయాసపడుతూ వచ్చి, స్టూలు పక్కనే నిలబడ్డ కూతురి చెయ్యి పట్టుకుంది. "మీ డ్యూటీ ఎప్పుడో అయిపోయిందిగా, వెళ్ళిపోవాల్సిందండీ."

"ఒకసారి అలాగే వెళ్ళిపోయాన్లేమ్మా," అని విసుక్కుంటూ అతను వంగి లేసులు విప్పుకున్నాడు.