పోయొస్త

నాటకాన్ని సినిమాగా తీసేవాళ్లకు వాన అంటే ఎందుకంత మోజో నాకు అర్థం కాదు. స్టేజీ మీద వాన కురిపించలేరు కాబట్టి, కెమెరా చేతికి రాగానే ముందు ఆ కరువు తీర్చుకుంటారు కాబోలు. మా బాపు నాటకంలో వాన లేదు. ఒక దర్వాజ, ఒక పీట, ఒక టిఫిన్ డబ్బా, అంతే.

బాపు మందమర్రిలో బాయి పని చేసి రిటైరయ్యాడు. బొగ్గు గనిని మా దిక్కు బాయి అనే అంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ అన్నట్టే. కార్మికుల కాలనీలో వేసే నాటకాలు ఆయనే రాసేవాడు, ఆయనే ఆడవేషం కట్టేవాడు. నాటకం దగ్గర పడిందంటే అవ్వ చీరల్లో మంచిది ఒకటి బీరువాలోంచి మాయమయ్యేది. "నా చీరె నాకంటె గీయనకే మంచిగుంటది, ఏం జేస్తం" అని అవ్వ మూతి తిప్పేది.

ఆ నాటకాల్లో జనానికి గుర్తుండిపోయింది ఒక్కటే. ఒక మొగుడు రోజూ షిఫ్టుకు పోయే ముందు దర్వాజలో నిలబడి పెండ్లానికి "పోయొస్త" అని చెప్తాడు. బాయికి పోయే మనిషి నోట "పోతున్న" అనే మాట రాకూడదు. పోవడమే తప్ప రావడం లేని మాట అది. ఎవరైనా పొరపాటున అంటే ఇంట్లోవాళ్లు వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, "పోయొస్త" అనిపించి పంపేవాళ్లు. నాటకంలో మొగుడు ఒకరోజు సైకిల్ గురించి పెండ్లాంతో కొట్లాడి "పోతున్న" అని విసురుగా వెళ్లిపోతాడు. పెండ్లాం పంతం కొద్దీ వెనక్కి పిలవదు. ఆ మాట వినగానే కాలనీ మొత్తం "అయ్యో" అనేది. బాయిలో పైకప్పు కూలిందని తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు.

సైకిల్ సంగతి నిజమే. బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు, అట్లాగే పోయాడు. ఆయన సైకిల్ను బాపు అడక్కుండా నాటకం ప్రాక్టీసుకు తీసుకుపోయి ఆలస్యంగా తెచ్చాడు. ఆయన నాలుగు తిట్టి, సైకిల్ అక్కడే వదిలేసి, "పోతున్న" అని నడిచి షిఫ్టుకు పోయాడు. బాపు పిలవలేదు. అన్నదమ్ముల కథను ఆలుమగల కథ ఎందుకు చేశావని ఒకసారి అడిగాను. "అన్నదమ్ముల లొల్లి ఎవలు సూస్తరు బిడ్డా" అన్నాడు. దర్వాజలో నిలబడిపోయే ఆ పెండ్లాం వేషం మాత్రం ఇంకొకరికి ఇవ్వలేదు.

ఆ నాటకాన్ని సినిమా తీస్తానని హైదరాబాద్ నుంచి ఒక దర్శకుడు వచ్చాడు. మర్యాదస్తుడే. మా యాసంటే గౌరవం కూడా. నాటకాన్ని ముందు సినిమా తెలుగులోకి మార్చుకున్నారట, తర్వాత దాన్ని మళ్లీ మా యాసలోకి దించుతున్నారట. తిన్నగా ఉన్నదాన్ని వంచి మళ్లీ తిన్నగా చేయడమన్నమాట. ఆ పని చూసే ఆవిడ ఒకరోజు బాపుకు ఫోన్ చేసి, "సర్, వెళ్తున్నాను అనడానికి మీ దగ్గర ఏమంటారు?" అని అడిగింది. "పోతున్న అంటం మేడం" అన్నాడు బాపు. ఎందుకు అడుగుతున్నదో ఆమె చెప్పలేదు, ఈయన అడగలేదు.

సినిమా వచ్చాక ముగ్గురం మంచిర్యాల పోయి చూశాం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మొదటి సీన్లోనే హీరో టిఫిన్ డబ్బా అందుకుని "పోతున్న" అన్నాడు. నేనే తప్పు విన్నాననుకున్నా. మర్నాటి సీన్లో నవ్వుతూ "పోతున్న". ఆ తర్వాత పెండ్లాం బుగ్గ గిల్లి మరీ "పోతున్న".

"వీని నోరు పడిపోను" అన్నది అవ్వ, గట్టిగానే.

నాకు ఒళ్లు మండింది. రోజూ అదే మాట అంటే ఇక ఆ ఒక్కరోజు మాటకు విలువేముంది? అనుకున్నట్టే అయింది. కొట్లాట తర్వాత హీరో "పోతున్న" అంటే థియేటర్లో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. ఆ లోటు పూడ్చడానికి వాన కురిసింది, వయొలిన్లు మోగాయి, హీరోయిన్ బురదలో పడింది. జనం ఏడ్చారు కూడా. బాపు ముందు సీటు పట్టుకుని, కదలకుండా తెర వంక చూస్తున్నాడు.

బయటికి రాగానే ఫోన్ తీశాను. "ఇప్పుడే డైరెక్టరుకు ఫోన్ చేస్త బాపూ. గా మాట ఎవడు చెప్పిండట వాళ్లకు?"

"నేనే చెప్పిన. ఆమె అడిగింది, చెప్పిన."

ఫోన్ దించాను. "అయినా నాటకం ఖరాబ్ చేసిన్లు గద" అన్నాను.

"చేసిన్లు" అన్నాడు బాపు. చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. "కని జర ఇను బిడ్డా. గీ సినిమాల ఆయన రోజు గదే మాట అన్నడు. నవ్వుకుంట గూడ అన్నడు. మా అన్న గా దినం అన్నది గూడ కోపంతోని కాదేమో అనిపిచ్చింది నాకు."

నాకు ఏడుపొచ్చింది. అవ్వ అటు తిరిగి కొంగు సర్దుకుంది.

"గింకో ఆట ఉన్నదా?" అన్నాడు బాపు. "మల్లొక్కసారి సూద్దాం."

ఫోన్ సంచిలో పడేసి టికెట్ల కిటికీ దగ్గరికి పోయాను.