సారుగారు ఒప్పుకున్న మూడో బహువచనం

రెండేళ్ల కిందట దుబాయ్‌లో అల్ ఖూజ్ నుంచి కంపెనీ బస్సు నడిపేవాణ్ణి. మా అక్క కూతురు రిజ్వానా నర్సు. జర్మనీ ఉద్యోగం కోసం కరామాలో ఒక సారు దగ్గర జర్మన్ నేర్చుకునేది. ఒకరోజు ఏడుస్తూ వచ్చింది.

"మామూ, జర్మన్‌లో 'బాంక్' అంటే కూర్చునే బల్లా, డబ్బులేసే బ్యాంకూ. బల్లలైతే 'బెంకె', బ్యాంకులైతే 'బాంకెన్'. ఆ మాట చెబితే, ఒక్క మాటకు రెండు బహువచనాలుండవు, క్షమాపణ చెప్పకపోతే క్లాసుకు రావద్దన్నాడు."

మర్నాడు కోటూ టైయీ అరువు తెచ్చుకుని, జర్మనీలో పన్నెండేళ్లున్నానని సారుకు చెప్పి క్లాసులో ముందు వరుసలో కూర్చున్నాను.

"సార్, మా వైపు 'బాంక్'కు మూడో బహువచనం కూడా ఉంది. 'బాంకుడ్లు'. చలికాలంలోనే వాడతారు."

సారు నా టై వంక చూశాడు. "కరెక్ట్! అది పై లెవెల్లో వస్తుంది" అంటూ బోర్డు మీద రాసేశాడు. పిల్లలంతా రాసుకున్నారు!

క్షమాపణ చెబుతానని వచ్చి వెనక కూర్చున్న రిజ్వానా లేచింది. "నేను రెండంటే పొమ్మన్నారు, ఈయన మూడంటే రాసుకోమన్నారు. ఈయన మా మామూ సార్, బస్సు డ్రైవరు. యల్లా మామూ, పోదాం."

అందరి కళ్లూ నా మీదే. చెమటతో అరువు కోటు తడిసి ముద్దయింది.

రిజ్వానా ఇంట్లోనే చదివి పాసైంది. సారుకు రాకపోవడం తప్పని నేననను. కానీ ఆడపిల్ల నిజం చెబితే గుమ్మం చూపించి, టై కట్టినవాడి అబద్ధానికి తలూపే మనిషిని గురువని పిలవడానికి నాకు నోరు రాదు.