దొరికి తప్పిపోయిన గ్రహం

మా తెలుగు చర్చి వార్షికోత్సవానికి రావాలని, ముప్పై ఏళ్ళ కిందట నేను కొత్త గ్రహం కనిపెట్టినప్పుడు దేవుని మేలు గురించి సంఘం ముందు నిలబడి చెప్పిన సాక్ష్యం మళ్ళీ చెప్పాలని కిందటి నెల ఖరగ్‌పూర్ నుంచి పాస్టరుగారు ఫోన్ చేసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఆ సాక్ష్యం నిజం కాదు.

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టరు చుట్టూ ఉన్న పిల్లలంతా రైల్వే పరీక్షలకు చదువుతుంటే నన్ను మాత్రం ఆకాశం చదువుకోనిచ్చిన మనిషి. దక్షిణాది కొండమీద ఒక అబ్జర్వేటరీలో నాకు ఉద్యోగం దొరికింది. నెప్ట్యూన్‌కు ఆవల తిరిగే చిన్న చిన్న గ్రహాలను వెతకడం నా పని. ఒకే చోటును రోజు మార్చి రోజు ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూస్తే నక్షత్రాలన్నీ కదలకుండా ఉంటాయి, ఎప్పుడో ఒక మసక చుక్క మాత్రం వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. అంతటితో అయిపోదు. మరుసటి అమావాస్య రోజుల్లో దాన్ని మళ్ళీ పట్టుకుంటేనే దాని దారి లెక్కకు అందుతుంది, లేకపోతే అది తప్పిపోయినట్టే, కనిపెట్టినట్టు ఎవరూ ఒప్పుకోరు.

ఒక ఏప్రిల్‌లో నాకు అలాంటి చుక్క కనిపించింది. పట్టలేని సంతోషంతో ఇంటికి ఉత్తరం రాసేశాను. నేనేదైనా కనిపెట్టిన నాడు కృతజ్ఞత కూడిక పెట్టి సంఘానికంతా భోజనం పెడతానని నాన్న ఏనాడో మొక్కుకున్నాడు. ఉత్తరం అందగానే మే నెలలో రోజు ఖాయం చేసేశాడు. సరిగ్గా ఆ వారంలోనే టెలిస్కోపు నా వంతుకు వచ్చింది. ఒక్క నెల ఆగమని ఫోన్‌లో బతిమాలాను.

"దేవుడికిచ్చిన మాటకి వాయిదా ఏట్రా? సుక్క ఎక్కడికి పోద్ది, ఆకాశంలోనే కదా ఉంటాది," అన్నాడు.

మొక్కుబడి ఆలస్యం చేయడం మా సంఘంలో చిన్న తప్పు కాదు. సండేస్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి పెరిగినవాణ్ణి, దేవుడే దాన్ని కాచిపెడతాడనుకున్నాను. అది విశ్వాసమో, నాన్నంటే భయమో ఇప్పటికీ తేల్చుకోలేను. రైలెక్కాను.

కూడిక నాడు షామియానా కింద, నాన్నతో పనిచేసే చినమావ నా భుజం తట్టి, "అల్లుడా, ఆ గ్రహంలో రైల్వే కోటర్లుంటే నాకోటి రాయించీరా, ఇక్కడిది వానొస్తే కారిపోతంది," అంటే అందరూ నవ్వారు. తర్వాత నన్ను సాక్ష్యానికి నిలబెట్టారు. దొరికినట్టుంది, ఇంకా తేలలేదు అని చెప్పవలసింది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని నాన్న నా ముఖంలోకే చూస్తున్నాడు. దేవుడు నా చేత కొత్త గ్రహాన్ని కనిపెట్టించాడని చెప్పేశాను.

తిరిగి వెళ్ళేసరికి కొండమీద వానలు పట్టుకున్నాయి. మబ్బులు విడిచాక ఎక్కడ వెతికినా అది లేదు. రెండేళ్ళు వెతికాను. తర్వాత ఇంకొన్ని దొరికాయి, వాటి దారులు తేలాయి, నంబర్లు వచ్చాయి, ఉద్యోగంలో పేరూ వచ్చింది. వాటిలో ఒక్కదాని గురించి కూడా నేను చర్చిలో నిలబడలేదు. నిజం చెబితే నేరం నాన్న మొక్కుబడి మీద పడుతుంది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా చుట్టాల క్షేమం అడిగినట్టు, "మన గ్రహం బాగుందేట్రా?" అని అడిగేవాడు. బాగుంది నాన్నా అనేవాణ్ణి. ఆ మాట నమ్మే కన్నుమూశాడు.

వస్తానని పాస్టరుగారికి చెప్పి మొన్న ఆదివారం వెళ్ళి, నాన్న మాట ఎత్తకుండా, దేవుని సన్నిధిలో అబద్ధమాడింది నేనేనని ఉన్నదున్నట్టు చెప్పాను. నేను వచ్చి కూర్చోగానే అందరూ చప్పట్లు కొట్టారు, పాట మొదలుపెట్టారు. పక్కాయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే సందేశం బాగుందన్నాడు.

ఇప్పుడు యంత్రాలే ఆకాశమంతా జల్లెడ పట్టి కదిలే చుక్కల్ని వాటంతటవే ఏరుతున్నాయట. నాది కూడా ఎవరి లెక్కలోకో చేరే ఉంటుంది. కానీ సాక్ష్యం చెప్పే మనిషి ముఖంలోకి కళ్ళప్పగించి చూసిన ఆ ముందు వరసలు ఇక లేవు. నా అబద్ధాన్ని వాళ్ళు నమ్మినంత గట్టిగా నా నిజాన్ని వినేవాళ్ళు ఆ చర్చిలో ఒక్కరూ మిగల్లేదు.