ఎర్ర బటన్ మీద చెయ్యి

మా మిల్లు మా తాత పుట్టకముందే కట్టింది. అందులో నూలు దారం తెగితే మిషన్ ఆపేవాళ్లం కాదు. అది తిరుగుతుండగానే కొసలు వేళ్లతో పట్టి, మెలేసి అతికేవాళ్లం. ఆపినవాణ్ని మాపై మేస్త్రీ, జాబర్, షిఫ్టు దిగేదాకా గేటు దగ్గర నిలబెట్టేవాడు. వచ్చేపోయేవాళ్లు తలా ఒక మాట అనేవాళ్లు. మా ఇంట్లో మూడు తరాలు ఆ సిగ్గుకు భయపడే పని నేర్చుకున్నాయి.

మిల్లు మూతపడింది. చమురు డబ్బుతో గల్ఫ్‌లోని మెసయీద్‌లో ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. నేనూ, మిల్లులో నా పక్క మిషన్ మీద పనిచేసినాయనా ఒక ఎరువుల కంపెనీలో చేరాం. నాకన్నా పెద్ద, అన్నా అనేవాణ్ని. బెల్టు మీద వచ్చే బస్తాల మూతులు కుట్టించడం మా డ్యూటీ. దారం తెగితే ఎర్ర బటన్ నొక్కి, బెల్టు ఆగాకే ముడెయ్యాలి. గ్లౌజులు తియ్యకూడదు. అది అక్కడి రూలు.

మేం ఆపేవాళ్లం కాదు. పక్క లైను వాళ్లు నోరు తెరిచి చూస్తుంటే నాకు మహా గర్వం.

ఒకరోజు తెగిన దారం బెల్టును తిప్పే రోలర్ పక్కకు పోయింది.

"ఆపుతున్న తమ్మీ. గ్లౌజు మందమున్నది, దారం చేతికి తెలుస్తలేదు," అన్నాడాయన.

నేను బటన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. "మిల్లోడివై బటన్ నొక్కుతవా? మన జాబర్ ముందే సచ్చి బతికిపోయిండు. కానియ్ అన్నా, యల్లా!"

"నీ నోరు పడిపోను," అని నవ్వుతూ చెయ్యి పెట్టాడు.

మిల్లులో వట్టి చేతులు, చటుక్కున జారి బయటికొచ్చేవి. గ్లౌజు జారలేదు. రోలర్ దాని కొస పట్టి చేతిని లోపలికి లాగేసింది. అదే అరచేత్తో బటన్ నొక్కాను. అప్పటికే మణికట్టు దాకా పోయింది.

సేఫ్టీ ఆఫీసర్ నన్ను పిలిచి అడిగాడు. "వద్దన్నా వినలేదు సార్," అన్నాను. అదే కాగితం మీద ఎక్కింది. తప్పు ఆయనదేనని తేల్చి ఇంటికి పంపేశారు. తర్వాత నన్ను ఆ లైనుకు ఫోర్‌మన్‌ను చేశారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఎర్ర బటన్ చూపించి జాగ్రత్తలు చెప్పేది నేనే.

మొన్న సెలవుకు పోయినప్పుడు మా బస్టాండు హోటల్లో ఆయన కలిశాడు. గల్ఫంతా దుబాయే అనుకునే ఎవరో అడిగారు, "దుబాయ్‌ల చెయ్యెట్ల పోయిందే?" అని.

"నా సోకుకు పోయింది. తమ్ముడు వద్దన్నా వినకపోతి," అన్నాడు, నా వైపు చూడకుండా. కాగితం మీది నా మాటే. నేను తల వంచుకుని చాయ్ తాగాను.

ఆ హోటల్లో చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఆయన ఆపుతానన్నాడు. బటన్ మీద చెయ్యి నాది.