మేళం మోగని పెళ్లి

మొన్న మనవరాలు నా పెళ్లి ఫోటో చేతిలో పట్టుకొని ఒకటే నవ్వు. మేళగాళ్లు డోళ్లు భుజాన వేసుకొని, చేతులు కట్టుకొని, బడిలో తప్పు చేసిన పిల్లల మాదిరి నిలబడినారంట. నవ్వదా మరి, దానికేం తెలుసు!

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. నన్నిచ్చింది హిందూపురం అవతల ఒక చిన్న పల్లెకు. పెళ్లి మగపిల్లవాడింట్లోనే కాబట్టి, నాయన మేళగాళ్లనూ బుట్టెడు టపాకాయలనూ లారీకెక్కించి, బంధువులందరితో పెనుకొండ మీదుగా దర్జాగా బయలుదేరదీశాడు. ఊరిబయట మేళగాళ్లు దిగి డోలు మీద పుల్ల వేయబోయారో లేదో, నాకు కాబోయే మామ చేతులడ్డం పెట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. ఏటా చలి తగ్గే వేళకు ఎక్కడినుంచో పెద్ద కొంగలు వచ్చి ఆ ఊరి చింతచెట్ల నిండా గూళ్లు కడతాయట, అవి పిల్లలతో ఎగిరిపోయేదాకా ఊళ్లో పెళ్లికైనా చావుకైనా డప్పు మోగకూడదట.

“పైన పసిబిడ్డలుండాయప్పా. సప్పుడుకు బెదిరితే కిందపడి సస్తాయి,” అన్నాడు మామ.

“మేళం లేకుండా తాళి కట్టేదానికి నా బిడ్డకేమన్నా రెండో పెళ్లా?” అని నాయన మండిపడి, లారీ వెనక్కు తిప్పమన్నాడు.

ఊరిబయటినుంచే తిరిగిపోయిన పెళ్లికూతురిని మళ్లీ ఎవరు చేసుకుంటారో మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా? తలెత్తకూడదని అమ్మ వెయ్యిసార్లు చెప్పినా నేను తలెత్తి చూశాను. కొమ్మకొమ్మకూ గూడు, గులాబిరంగు అంటిన రెక్కలు పరిచి పిల్లలకు ఎండ తగలకుండా నిలబడిన తల్లులు. కొంగపిల్లల్ని ఇంతగా కాచుకునే ఊరు నన్ను కాచుకోదా అనిపించింది. ఎవరినీ అడగలేదు, లారీ దిగి చీర సర్దుకొని ఊళ్లోకి నడిచాను. దీనికెంత పొగరబ్బా అని తిట్టుకుంటూ నాయన వెనకే వచ్చాడు.

తాళి కట్టే వేళ అందరూ బిక్కమొహాలతో చూస్తుంటే, పైన కొంగలు ముక్కులు టకటకలాడించాయి. మూతి ముడుచుకొని కూర్చున్న నాయనే అందరికన్నా ముందు నవ్వాడు. బతికినన్నాళ్లూ నన్ను చూడవచ్చినప్పుడు నా మంచిచెడ్డలకన్నా ముందు కొంగలు దిగినాయా అనే అడిగేవాడు.

ఆ రోజు దిగి నడిచినందుకు నేను ఒక్కనాడూ బాధపడలేదు. కానీ ఇప్పుడు ఊరి చెరువులో నీళ్లు నిలవడం లేదు, చింతచెట్లు చాలామటుకు పోయాయి, ఏడాదికేడాది తగ్గుతూ వచ్చిన కొంగలు ఈసారి అసలు రానేలేదు. పోయినవారం మా వీధి పెళ్లిలో వాకిట్లోనే మేళం మోగించారు. ఆపండని చెప్పడానికి గబగబా బయటికొచ్చి, చెట్టువైపు చూసి, ఎవరికోసం ఆపమనాలో తెలియక లోపలికొచ్చేశాను.