సాయిబు గారి వేళ్ళు

ఆటోనగర్‌లో మా కారుకి పాలిష్ పెట్టే సాయిబు గారు, కడిగిన బానెట్‌ని కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమేవారు. గరుకు తగిలితే సబ్బునీళ్ళు చల్లి, మురికిని లాగేసే, బంకమట్టిలాంటి క్లే ముద్దతో మళ్ళీ రుద్దేవారు.

"మురికి మీద వ్యాక్స్ పూస్తే దాన్ని దాచిపెట్టినట్టేనండీ" అనేవారు. ఇంకెవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు.

షుగరు ముదిరి వేళ్ళు మొద్దుబారిన ఏడాది, మొదటిసారి నన్ను పిలిచారు.

"కాస్త తడిమి చూడండి. నున్నగా వచ్చిందా?"

అరచేతికి ఎమిరీ పేపరులా గరుగ్గా తగిలింది.

"అద్దంలా ఉందండీ" అన్నాను.

ఆయన ముద్దని మడిచి, శుభ్రమైన వైపుతో బానెట్ మీద ఒక్కసారి రుద్దారు. నల్లటి మురికి అంటుకుంది. దాన్ని చాలాసేపు చూశారు.

"ఎందుకు దాచారండీ" అని, వ్యాక్స్ డబ్బాకి మూత పెట్టేశారు.

మళ్ళీ ఏ కారునీ ముట్టుకోలేదు.